దాలమ్మ మొగుడి పులివేషం

ఠాకురాణి అమ్మవారి యాత్రకు పెరట్లో పులివేషం కట్టుకుంటున్న మొగుణ్ణి చూడగానే దాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. నడుంనొప్పని అతను మంచం పట్టిన మూడేళ్ళుగా మగ్గం ఆమే నేస్తోంది.

"మగ్గం కాడ గడియసేపు కూకోలేనోడివి, పులై బరంపురమంతా గెంతుతావేటి?"

గురువయ్య ఒంటికి పసుపురంగు పూసుకుంటూనే అన్నాడు. "నొప్పి మంచం మీదున్నా ఉంటాది, బజార్లో ఉన్నా ఉంటాది. మంచం మీద సూసినోళ్ళు అయ్యో అంటారు. బజార్లో దొరగారి గుర్రం కూడా జడిసి తప్పుకుంటాది. నాకదే బాగుంటాది."

"రేపు లెగగలవేటి?"

"నాలుగు దినాలు లెగలేను. తెలిసే కడతన్నాను."

గుమ్మంలోంచి మరిది నవ్వాడు. "సూసినావా వదినా, మూడేళ్ళూ నాటకమే."

ఇన్నాళ్ళూ దాలమ్మ మనసులో ఉన్న మాటే అది. కానీ తోక కట్టుకోబోయి వంగిన గురువయ్య, స్తంభం పట్టుకుని పళ్ళు బిగబట్టి వణుకుతున్నాడు. నాటకమాడేవాడు నలుగురిలో మూలుగుతాడు. ఇతను మూలుగు మింగేస్తున్నాడు.

"నోర్ముయ్యి" అంది మరిదితో. "డప్పులోళ్ళని మెల్లగా నడవమని సెప్పు, ఎల్లు."

అదే కోపంతో మొగుడి చేతిలోని తోక లాక్కుని అతని నడుముకు కట్టసాగింది.

"నొప్పెడితే సెప్పు."