వద్దుబాబాయి

“ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అని అధ్యక్షుడు అడగ్గానే హాలు హాలంతా వద్దుబాబాయి కుర్చీ వైపు తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది.

దేశాలన్నీ ఒకచోట కూర్చుని భూమి వేడెక్కడం గురించి మాట్లాడుకునే సభ అది. అక్కడ ఓట్లుండవు. ఒక్క దేశం కాదన్నా తీర్మానం అటకెక్కుతుంది, ఎవరూ నోరెత్తకపోతే నెగ్గినట్టే. చమురు అమ్ముకుని బతికే దేశం తరఫున వచ్చే ఆ పెద్దాయన ఏటా ఠంచనుగా లేచి వద్దంటాడు. ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు.

ఆయన పక్క కుర్చీ దీవిపిల్లది. వాళ్ళ దీవిలో సముద్రం వీధుల్లోకి వచ్చేసింది. మునిగిపోయే ఊళ్ళవాళ్ళకి ఎత్తు నేల మీద ఇళ్ళు కట్టించాలన్న తీర్మానం తెచ్చింది ఆమే. ఇదీ పోతే వాళ్ళమ్మకి తలదాచుకునే చోటుండదు. మాటలు చెబితే సముద్రం వెనక్కి పోతుందా అని అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతాడు. ఆమెకీ ఆ అనుమానం లేకపోలేదు. అయినా ఏళ్ళ తరబడి బాబాయి చెవిలో జోరీగలా తమ వీధి సంగతులే చెప్పింది. ఎవరింట్లోకి నీళ్ళొచ్చాయో, ఎవరి బావి ఉప్పగా మారిందో ఆయనకి కంఠతా వచ్చేసింది. ఆయన మోకాలి నొప్పి చరిత్ర ఆమెకీ అంతే.

ఆ ఉదయం టీ దగ్గర, ఈసారికి ఊరుకోమని బతిమాలింది.

“నేను అక్కడుంటే వద్దనే అనాలి తల్లీ. నా ఉద్యోగమే అది,” అన్నాడాయన, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

ఇప్పుడు ఆయనే లేడు. అధ్యక్షుడు అటూ ఇటూ చూశాడు. ఇదే సందని సుత్తి కొట్టేశాడు. తీర్మానం నెగ్గింది. దీవిపిల్ల అమ్మకి ఫోన్ చేసి భోరున ఏడ్చేసింది.

చప్పట్లు సద్దుమణిగాక వద్దుబాబాయి కుంటుకుంటూ వచ్చి నిర్వాహకుల మీద విరుచుకుపడ్డాడు. ఎవరో బాత్రూం తలుపుకి బయట గొళ్ళెం పెట్టేశారట, తలుపు బాదీ బాదీ చేతులు పడిపోయాయట. అదే మాట తన పైవాళ్ళకి ఫోన్లో అందరికీ వినపడేలా చెప్పాడు. జనం నవ్వాపుకోలేకపోయారు.

ఇది విని అన్నయ్య ఫోన్లో పడీ పడీ నవ్వాడు. “చూశావటే? ఇన్నేళ్ళ మీ చర్చలు చెయ్యలేని పని ఒక గొళ్ళెం చేసింది.”

దీవిపిల్ల మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళ వాగుడూ బూడిదలో పోసిన పన్నీరేనన్నమాట. పోనీ, ఇల్లు నిలబెట్టిన గొళ్ళేనికైనా ఓ దణ్ణం పెట్టుకుందామని వరండా చివర ఆ బాత్రూం దాకా నడిచింది. తలుపు పైకీ కిందికీ చూసింది.

బయట గొళ్ళెమే లేదు.