మరియంబీ చెవులు

మౌలాలి జానెడు సూదిని పరుపులో దించి, లాగబోతూ ఆగాడు.

గుమ్మంలో కూతురు మునీరా నిలబడి ఉంది. చేతిలో కవరు.

"రిపోర్టులు వచ్చాయి నాన్నా. అమ్మదీ, నాదీ."

మునీరాకి ఇరవై ఆరేళ్ళు. కలిదిండిలో రొయ్యల ల్యాబ్‌లో పని. గాలికి ఊగేలా ఉండే పిల్లకి షుగర్ ఏమిటని ఏలూరు డాక్టరుగారికి అనుమానం వచ్చింది. తల్లికి షుగరూ చెముడూ రెండూ ఉన్నాయని తెలిశాక ఇద్దరి రక్తమూ జన్యు పరీక్షకి పంపారు.

తల్లి మరియంబీ పెరట్లో బియ్యం చెరుగుతోంది. పిలిస్తే వినపడదు. ఇరవై ఏళ్ళుగా అంతే.

మౌలాలి సూదిని పరుపులోనే వదిలేశాడు.

మునీరాకి నాలుగేళ్ళప్పుడు, ఒకరోజు మరియంబీ చెప్పకుండా గుండుగొలనులో అక్క ఇంటికి వెళ్ళి సాయంత్రానికి వచ్చింది. అతను కోపంతో చెంప మీద కొట్టాడు. దెబ్బ ఎడమ చెవి మీదుగా పడింది.

మూడు నెలలకి ఆమె ప్రతి మాటకీ "ఆఁ?" అనడం మొదలుపెట్టింది. రెండేళ్ళకి రెండు చెవులూ పోయాయి.

ఏ డాక్టరుకీ అతను ఆ దెబ్బ సంగతి చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు.

మళ్ళీ ఎప్పుడూ చెయ్యెత్తలేదు. ఏం చెప్పాలన్నా ఆమె ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా, నెమ్మదిగా చెప్పడం నేర్చుకున్నాడు. పరుపుల కొట్టుకి ఎవరొచ్చారో, ఏమన్నారో, వీధిలో ఎవరు నవ్వారో, అన్నీ చెప్పేవాడు.

ఆ దెబ్బ మాట ఒక్కటీ తప్ప.

"ఏమని రాశారమ్మా?"

మునీరా పరుపు అంచున కూర్చుంది.

"మన ఒంట్లో ప్రోటీన్లు ఎలా తయారవ్వాలో డీఎన్‌ఏలో రాసుంటుంది నాన్నా. ఆ రాతకి నకలు తీసి, మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది ఒళ్ళు. ప్రతి మూడింటికీ ఒక అమైనో ఆమ్లం. ఏ మూడింటికి ఏది కావాలో దాన్ని తెచ్చి అందించేది టీఆర్ఎన్ఏ."

"మరి అదెక్కణ్ణుంచి వస్తుంది?"

"అదీ డీఎన్‌ఏ నుంచే. దానికంటూ వేరే జన్యువు ఉంటుంది. అమ్మకి ఆ జన్యువులో ఒక్క అక్షరం మారింది. అందుకని ఆ టీఆర్ఎన్ఏ సరిగ్గా పని చెయ్యట్లేదు. ముందు చెవులకీ, షుగర్‌ని అదుపులో పెట్టే క్లోమానికీ తగులుతుందట."

"ఎప్పుడు మారింది?"

"పుట్టుకతోనే. కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ ఇది, తల్లి నుంచే వస్తుంది. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు."

మౌలాలి సూది వైపు చూస్తూ అడిగాడు.

"దెబ్బ తగిలితే మారుతుందా అమ్మా, ఆ అక్షరం?"

"ఏం దెబ్బ నాన్నా?"

అతను ఆగిన సూదిని పైకి లాగాడు.

"నీ చెవులో?"

"బాగానే ఉన్నాయి. ఏటా చూపించుకోమన్నారు. షుగర్ మందు మార్చారు. ముందే తెలిసింది కదా, నాకు కంగారేం లేదు."

ఇన్నేళ్ళలో మొదటిసారి అతనికి ఊపిరి నిండుగా ఆడింది. ఆ వెంటనే సిగ్గేసింది.

లేచి పెరట్లోకి వెళ్ళి మరియంబీ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నీ చెవులు పోయింది నా దెబ్బకి కాదంట."

ఆమె చేట పక్కన పెట్టింది.

"తెలుసండి. మా అమ్మకీ ముప్పై దాటాకే పోయాయి. మన పెళ్ళికి ముందే చనిపోయింది కదా ఆవిడ, మీరు చూళ్ళేదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

వేళ్ళకి అంటిన తవుడు దులుపుకుంది.

"చెవులు మీ వల్ల పోలేదు. కొట్టింది మాత్రం మీరేనండి."

మౌలాలి తలొంచుకున్నాడు. తలొంచుకుని చెబితే ఆమెకి తెలియదని గుర్తొచ్చి, మళ్ళీ ఎత్తాడు.

"తప్పు చేశాను మరియం."

ఆమె అతని పెదాల వైపే చూస్తోంది.

"ఇంకోసారి చెప్పండి."

"అర్థం కాలేదా?"

"అర్థమైందండి. ఇంకోసారి చెప్పండి."