విచక్షణి సున్నా అయితే

“నిన్న వచ్చిన లెక్క ఇవ్వాళ ఎట్ల పోయింది బిక్షమన్నా? దారిల గిట్ల పడిపోయిందా?”

డోరా టీచర్ గొంతు పెంచలేదు. అందుకే బిక్షం ఇంకా ముడుచుకుపోయాడు. పక్కన కూతురు నవత కాలి బొటనవేలితో గచ్చును గీకుతూ నిలబడింది.

చిలకలగూడలో తన ఇంటి ముందు గదిలోనే టీచర్ పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది, ఊరికే. గది ఇరుకు కనక ఇంటికి ఒక్కరికే చోటు. ఆ చోటు కోసం ఎదురుచూసేవాళ్లు బోలెడుమంది. నవతేమో ఒకరోజు గడగడా చేసేస్తుంది, మర్నాడు విచక్షణి అంటే ఏంటని అడుగుతుంది. ఇవ్వాళ ఈ లెక్క చేయకపోతే రేపట్నుంచి రావద్దని టీచర్ తేల్చేసింది.

“నేను ఏడో క్లాసుల బడి బంద్ చేసినోణ్ణి, నన్నడిగితే ఏం చెప్త?” అన్నాడు బిక్షం, ఎవరినో తిట్టినట్టు. “దీనికి సుత నా గతే పట్టిస్తరా?”

“పట్టనియ్యను. నువ్వు జెర గడపవతల నిలబడు.”

బోర్డు మీద x² − 6x + 9 = 0 అని రాసింది. b² లోంచి 4ac తీసేస్తే మిగిలేదే విచక్షణి, కట్టు చూద్దామంది. నవత మైనస్ ఆరును వర్గం చేసి మైనస్ ముప్పై ఆరు అంది. విచక్షణి మైనస్ డెబ్బై రెండు, కాబట్టి వాస్తవ మూలాలు లేవని చేతులు దులుపుకుంది. టీచర్ తుడిచింది. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ఏమవుతుందో మొదట్నుంచి చెప్పింది. నవత మళ్లీ అదే తప్పు చేసింది. టీచర్ మళ్లీ తుడిచింది. మిగతా పిల్లలు ఇళ్లకు పోయారు, టీచర్ టీ మీద తొరక కట్టింది. అయినా ఇద్దరిలో ఎవరూ పట్టు విడవలేదు.

చివరికి నవత సుద్దముక్క నొక్కిపట్టి రాసింది. ముప్పై ఆరులోంచి ముప్పై ఆరు పోతే సున్నా.

“మూలాలు మూడు, మూడు,” అంది. అంతలోనే అనుమానం వచ్చింది. “రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి గద టీచర్. ఒక్కటే లెక్కపెడితే నడ్వదా?”

“నడ్వదు. ఒక్కతీరుగ ఉన్నా రెండు రెండే. ఒకదాన్ని బయట పెడితే లెక్క తప్పు.”

గడపవతల బిక్షం గొంతు సవరించుకున్నాడు. ఈ మాట టీచరమ్మనే అన్నదని, మల్ల మార్చొద్దని చెప్పి, వీధివైపు తిరిగి చెయ్యూపాడు.

ఆగి ఉన్న ఆటోలోంచి, అదే ముఖం, అవే రెండు జడలతో, నిన్న లెక్క చేసిన పిల్ల దిగింది.