ఏడో నంబరు చీటీ

మేస్త్రీ తుమ్మినా తన మొగుడు ఓతకర్ టోపీ తీసి వంగుతాడని లుద్మిలా వీధంతా చెప్పుకునేది.

ఆ ఆదివారం ప్రాగ్ పార్లమెంటుకు ఎన్నికలు. పదహారు పార్టీల చీటీలూ ముందే ఇంటికి వచ్చాయి. ఒకటి పెట్టెలో వేసి, మిగతా పదిహేనూ వాళ్లిద్దరూ పనిచేసే గాజు ఫ్యాక్టరీ మేస్త్రీకి చూపించాలి. వాటిలో యజమాని పార్టీ చీటీ, ఏడో నంబరుది, కనిపించిందంటే పని పోయినట్టే.

ఇద్దరూ ఓటు వేసి వచ్చిన ఆ సాయంత్రం, మెట్ల మీద మేస్త్రీ బూట్ల చప్పుడైంది.

"ఓతకర్, నా ఏడు నా దగ్గరే ఉంది," అంది లుద్మిలా. "నిన్న నువ్వంత మొత్తుకున్నా వెయ్యలేదు. పొయ్యిలో పడెయ్యనా?"

"లెక్కపెడతాడే."

"అయితే ముందు నీ కట్ట చూపించు. చెప్పినట్టు వినే మొనగాడివిగా! నీ మొహం చూసి నన్నొదిలేస్తాడేమో."

ఓతకర్ తన కట్ట బల్ల మీద పెట్టాడు. అన్నిటికంటే పైన ఏడో నంబరు.

లుద్మిలా ఆ చీటీ చేతిలోకి తీసుకుంది. "మరి నిన్న నామీద ఎందుకలా అరిచావు?"

"ఇద్దరిలో ఒకరి పనైనా నిలుస్తుందని."

తలుపు దబదబా మోగింది. ఓతకర్ టోపీ పెట్టుకుని లేచాడు.

"పిరికివాడివన్నాను," అంది లుద్మిలా, అతని చెయ్యి పట్టుకుని. "తప్పు నాదే."