కళ్లజోడు స్క్రూ

వాచీలు బాగుచేసే బాబాయ్ విసురుగా వచ్చి, పక్కనున్న కళ్లజోళ్ల షాపు బల్లమీద ఒక ఫ్రేము పడేశాడు.

“ఇంకోసారి ఎవర్నీ నా దగ్గరికి పంపకు. స్క్రూ బిగించడం నీకు రాదా? ఫోన్లొచ్చి నా వ్యాపారం మూలపడిందని ముష్టి పెడుతున్నావా?”

“అది కాదు బాబాయ్...”

పొద్దుట్నుంచీ బాబాయ్‌కి కాలు ఒకచోట నిలవలేదు. ఒక్క వాచీ రాలేదు. వచ్చినవాళ్లంతా కళ్లజోళ్లు పట్టుకుని, ‘పక్కషాపతను పంపాడు’ అన్నవాళ్లే. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోయింది.

“నీ జాలి నాకక్కర్లేదు. నువ్వే బిగించు, చూస్తాను.”

కళ్లజోళ్లతను వీధివైపు ఒకసారి చూసి, స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆవగింజంత స్క్రూ మీద మొన ఆనించాడు. జారింది. మళ్లీ పెట్టాడు. చెయ్యి వణికి, స్క్రూ కాస్తా నేలమీదికి దొర్లింది.

బాబాయ్ వంగి దాన్ని గోటితో ఎత్తాడు. కోపమంతా ఎటుపోయిందో మరి.

“ఎన్నాళ్లబట్టిరా?”

“చలికాలం నుంచీ. మందులు వాడుతున్నా తగ్గట్లేదు. చెయ్యి వణికేవాణ్ని నమ్మి కళ్లెవరు చూపించుకుంటారు బాబాయ్? అందుకే, నీ పనితనం బాగుంటుందని చెప్పి పంపేస్తున్నా.”

గుమ్మంలో అలికిడైంది. ఒకావిడ కళ్లజోడు చాపింది.

“ఇది వదులైంది. ఇక్కడే బిగిస్తారా, పక్కషాపుకి వెళ్లమంటారా?”

కళ్లజోళ్లతని చేతులు గబుక్కున బల్లకిందికి పోయాయి.

బాబాయ్ స్టూలు లాక్కుని ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు.

“ఇలా ఇవ్వండమ్మా. మా షాపులోనే బిగిస్తాం.”