రాతిగట్టు దారి

"రాతిగట్టు దారిన ఎక్కుతానన్నాడు. నాతోనే అన్నాడు," అన్నాడు ఎర్మెటె.

ఆ లోయలో కొండ ఎక్కించే గైడులందరికీ ఆయనే పెద్ద. ఆయన మాటకు తిరుగులేదు.

నిన్న పొద్దున ఒంటరిగా శిఖరానికి బయల్దేరిన ఇవో ఇంకా దిగిరాలేదు. వెతకడానికి మనుషులు తాళ్ళు భుజాన వేసుకుని సిద్ధమయ్యారు. ఇవో తమ్ముడు డారియో అందరికంటే ముందు నిలబడ్డాడు.

"మంచు దారి కూడా చూద్దాం బాబాయ్. మా అన్న సంగతి తెలుసుగా. చెప్పేదొకటి, చేసేదొకటి."

"అటు వెళ్ళలేదంటే వినవేంరా!" ఎర్మెటె కసిరాడు. "నడవండి."

రెండు రోజులు గట్టంతా గాలించారు. ప్రతి చీలికలోకీ వంగి ఇవో పేరు పెట్టి కేకలు వేశారు. అవతలి పక్క హిమానీనదం మీద, ఎండ తగిలి మంచుగోడలు విరిగి మంచు దారి మీదికి పడుతూనే ఉన్నాయి. ఉరుములాంటి ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా ఎర్మెటె ఆగిపోయేవాడు. డారియో నడుముకు కట్టిన తాడును ఇంకాస్త దగ్గరికి లాక్కునేవాడు.

"ఇంత బిగిస్తే ఎలా ఎక్కను బాబాయ్? నేనేమన్నా మేకపిల్లనా?"

"నోరు మూసుకుని ఎక్కు."

ఇవో దొరకలేదు.

రెండో సాయంత్రం వాళ్ళు దిగొచ్చేసరికి ఇవో తల్లి ఓర్సొలా చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్ళ ముఖాలు చూసి లేచి వచ్చింది. డారియో చెంపలు తడిమి చూసుకుంది. ఎర్మెటెను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, వేడి సూపు గిన్నె ముందు పెట్టింది.

ఆయన గిన్నెను పక్కకు జరిపాడు.

"నన్ను క్షమించు వదినా."

"నీ తప్పేముందయ్యా? చేతులు చూడు, ఎలా చీరుకుపోయాయో. నా బిడ్డ కోసం ఈ వయసులో ఇంత కష్టపడ్డావు."

"అలా అనకు."

"ఎందుకనకూడదు? చచ్చేదాకా అంటాను."

డారియో వచ్చి పక్కన కూర్చున్నాడు. రొట్టె తుంచి సూపులో ముంచుకుని, ఏడుస్తూనే ఆబగా తినసాగాడు. ఓర్సొలా వాడి వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఎర్మెటె ఇక కూర్చోలేకపోయాడు. గిన్నె అలాగే వదిలేసి బయటకు నడిచాడు.

బయల్దేరిన పొద్దున ఇవో మంచు దారినే ఎక్కడం, ఇల్లంత మంచుగోడ విరిగి వాడి మీద పడడం, ఊరు మొత్తంలో చూసింది ఎర్మెటె ఒక్కడే.