బేరమాడని మనిషి

లింగస్వామి ఇంటి ధర చెప్పాడు. వచ్చిన మనిషి సరే అన్నాడు.

అంతే. గొడవంతా అక్కడే మొదలైంది.

ఇల్లు కొనడానికి వచ్చినవాడు ముందు ఆ ఇంటిని తిట్టాలి. గోడ తట్టి చూసి పెదవి విరవాలి. దూలానికి చెద పట్టిందనాలి. వీధిపోటు ఉందనాలి. ఊరికే ఇచ్చినా వద్దని లేచి, మలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి రావాలి. అది తెలిసే అమ్మేవాడు ధర రెట్టింపు చేసి చెబుతాడు. ఇబ్రహీంపట్నంలో తాతల నాటి నుంచీ ఇదే తంతు.

అందులోనూ అది పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం.

రజాకార్లకు జడిసి పట్నం పారిపోయినవాళ్ల ఇళ్లకు తాళాలు ఇంకా తీయలేదు. దొరల మీద తుపాకీ పట్టిన సంఘం వాళ్లను వెతుకుతూ మిలిటరీ ఊళ్లన్నీ గాలిస్తోంది. ఏ వీధిలో చూసినా అమ్మకానికి ఇళ్లే. కొంటానని వచ్చే నరమానవుడు లేడు.

లింగస్వామికి మాత్రం అమ్మక తప్పదు. భార్య సక్కుబాయి దగ్గి దగ్గి సగమైపోయింది. పట్నంలో ఉండి దవాఖానలో చూపించుకుంటే తప్ప బతకదని వైద్యుడు తేల్చేశాడు.

అలాంటి రోజుల్లో ఒక కొత్త మనిషి వచ్చి, రెట్టింపు చేసి చెప్పిన ధరకు సరే అన్నాడు.

పేరు గోపయ్య అన్నాడు. లింగస్వామి ఈడువాడే. ఇన్నేళ్లూ షోలాపూర్ మిల్లులో పనిచేశానన్నాడు. చెప్పులు బయటే విప్పి, వంటింటి దాకా ఒకసారి చూసి వచ్చాడు. తొందరేమీ లేదు, ఆమెకు నయమయ్యే దాకా సామాను ఇక్కడే ఉంచుకోమన్నాడు. ఎల్లుండి పైసలతో వస్తానని చెప్పి పోయాడు.

సక్కుబాయి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

లింగస్వామికి ముద్ద దిగలేదు. బేరమాడకుండా కొనేవాడు లోకంలో ఉంటాడా? అది దోపిడీ సొమ్మయితే? ఏ దొర గడీలోనో ఎత్తుకొచ్చిందయితే? రేపు మిలిటరీ వచ్చి తన రెక్కలు విరిచి కడితే సక్కుబాయి గతేమిటి?

"మంచోడనుకోరాదా" అంది సక్కుబాయి.

"మంచోడైతే మాత్రం బేరమాడడా?"

తెల్లారి అతను పటేలు దగ్గరికి పోయాడు. పట్టివ్వడానికి కాదు, సలహా అడగడానికి. మనిషి ఎలా వచ్చాడో, ఏమన్నాడో, మళ్లీ ఎప్పుడు వస్తాడో అంతా చెప్పాడు. పటేలు తీరికగా విని, ఫికర్ చెయ్యకుండా ఇంటికి పొమ్మన్నాడు.

అన్న మాట ప్రకారం గోపయ్య వచ్చాడు. మూట ముడి విప్పకముందే వాకిట్లో మిలిటరీ జీపు ఆగింది.

అవి మిల్లులో సంపాదించిన పైసలని గోపయ్య ఎంత చెప్పినా వాళ్లు వినలేదు. పెడరెక్కలు కట్టారు. జీపు ఎక్కిస్తుంటే అతను లింగస్వామి వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వన్నా జర చెప్పే. ఇల్లు కొననీకి వచ్చినననే."

ఒక్క మాట. ఆ ఒక్క మాట చెబితే తననూ ఎక్కిస్తారేమోనని లింగస్వామి తల వంచుకున్నాడు.

జీపు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గుట్టల వైపు తుపాకులు పేలాయని పశువులు కాసేవాళ్లు చెప్పుకున్నారు.

నేను పట్టియ్యలేదు, అడిగాను అంతే అని లింగస్వామి భార్యకు చెప్పాడు. ఆమె పక్కకు తిరిగి పడుకుంది. బావి దగ్గర ఎవరూ అడగకపోయినా చెప్పాడు. చెప్పినకొద్దీ పాపం కరుగుతుందనుకున్నాడు, వెర్రిమనిషి. అది కరిగేదా? నా నోటితో ఒక మనిషిని చంపుకున్నానని లోపల కుళ్లి కుళ్లి ఏడ్చాడు. మళ్లీ ఇల్లు చూడడానికి ఎవరూ రాలేదు. వచ్చినా అమ్మగలిగేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం కర్ర పొడుచుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. పేరు ఈదమ్మ అట. కోహెడ నుంచి నడిచి వచ్చానంది. ఇల్లు కొంటానని పోయిన కొడుకు గోపయ్య తిరిగి రాలేదు, ఇక్కడ గానీ ఆగాడా అని అడిగింది.

సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లింగస్వామి ముసలమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఏదీ దాచలేదు. పటేలు సంగతి, జీపు సంగతి, గుట్టల సంగతి అన్నీ చెప్పేశాడు.

"బేరమాడలేదవ్వా. గందుకే భయపడ్డ" అన్నాడు చివరికి.

ముసలమ్మ ఏడ్వలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆమె మెల్లగా వంగి గడప మీద చెయ్యి వేసింది.

"గీ ఇంట్లనే పుట్టిండు బిడ్డా వాడు. గప్పుడు నువ్వు చంటిపోరగానివి, నీకెరుక లేదు. మీ నాయిన మమ్ముల బయటికి ఎల్లగొట్టి తీసుకున్నడు గీ ఇల్లు."

లింగస్వామి తలెత్తి ఆమె వైపు చూశాడు.

"నిరుడు సంఘపోళ్లు మా తాన్కి వచ్చి, పైస లేకుండ మీ ఇల్లు మీకు ఇప్పిస్తమన్నరు" అంది ఈదమ్మ. "నా కొడుకే వద్దన్నడు. అండ్ల ఉన్నోళ్లు మన లెక్క రోడ్డున పడొద్దవ్వా, అడిగినంత ఇచ్చి కొనుక్కుందమన్నడు."